వరుస చివర మలుపు

ఉప్పు గదిలో ఉప్పక్క మాటే చట్టం.

సముద్ర పరిశోధన సంస్థలో కింది అంతస్తు చివర, కిటికీ అన్నది లేని గది అది. ఓడలు తెచ్చిన సీసాల్లోని నీటిలో ఉప్పెంతుందో తేల్చే యంత్రం అక్కడే ఉంది. ఆ యంత్రం మహా సుకుమారి. వేడి అర డిగ్రీ పెరిగితే ఒక అంకె చెబుతుంది, తగ్గితే ఇంకో అంకె చెబుతుంది. అందుకని గుమ్మంలో నిలబడి తలుపు పట్టుకుని కబుర్లు చెప్పేవాళ్ళంటే ఉప్పక్కకు ఒళ్ళు మంట. "లోపలికైనా రండి, బయటికైనా పొండి" అనేది. సంస్థ పెద్దసారైనా ఈ మాట పడాల్సిందే. ఆయన పడ్డాడు కూడా, రెండుసార్లు.

ఇరవై రెండేళ్ళుగా ప్రతి సీసా ఆవిడ చేతి మీదుగానే పోయింది. సీసా మెడ తుడవాలి, మూత తీయాలి, ఆ నీటితోనే యంత్రం గొట్టాన్ని మూడుసార్లు తొలవాలి, అప్పుడు అంకె చదవాలి. రెండుసార్లు తొలిస్తే చాలదా అని అడిగిన కుర్ర శాస్త్రవేత్తలు తరవాత ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కిలో నీటిలో ముప్పై నాలుగు గ్రాముల పైచిలుకు ఉప్పుంటుంది, అది అందరికీ తెలిసిందే. ఆ పైచిలుకులో మూడో అంకె దగ్గర ఉంటుంది అసలు సంగతంతా.

ఆ సోమవారం పొద్దున ఏడో నంబరు పెట్టె కొలుస్తూ ఉప్పక్క మూడో అంకె దాకా కూడా వెళ్ళకుండానే ఆగిపోయింది.

పెట్టెలో ఇరవై నాలుగు సీసాలు, వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలు. పెట్టెలో ఉన్న చోటే సీసా నంబరు. ఒకటో సీసా సముద్రపు అడుగుది, ఇరవై నాలుగోది పైది. మొదటి వరుస ముచ్చటగా ఉంది. రెండో వరుసలోకి రాగానే ఉప్పు దభాలున పడిపోయి, వరుస చివరికి మళ్ళీ పెరిగింది. మూడో వరుస బుద్ధిగా ఉంది. నాలుగోది మళ్ళీ తలకిందులు. ఆవిడ యంత్రాన్ని అనుమానించింది, తనను తాను అనుమానించుకుంది, చివరికి గది గోడలను కూడా అనుమానించింది. మొత్తం మళ్ళీ కొలిచింది. మూడో అంకెతో సహా అవే వచ్చాయి.

"చిట్టి డాక్టర్ని ఒకసారి రమ్మనండి" అని ఫోన్ చేసింది.

మనిషి పొట్టి కాబట్టి చిట్టి, డాక్టరేటు ఉంది కాబట్టి డాక్టరు. ఉప్పక్క పెట్టిన పేరే అది. ఈ అమ్మాయి మూడేళ్ళుగా వెతుకుతున్నది నీరు పుట్టే చోటు. నవ్వడానికి లేదు, సముద్రపు అడుగు నీటికి కూడా పుట్టిల్లు ఉంటుంది. ధ్రువం దగ్గర చలికాలంలో సముద్రం పైన గడ్డకడుతుంది. గడ్డకట్టే మంచు నీటిని తీసుకుని ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఆ ఉప్పంతా కింద మిగిలిన నీటికి చేరుతుంది. అసలే చల్లటి నీరు, ఆపైన ఉప్పు. బరువెక్కిన ఆ నీరు తీరం దగ్గరి గట్టు మీద నిలవలేక, అంచు దాటి లోతుకు జారిపోతుంది. అక్కడినుంచి అడుగు పట్టుకుని పాకుతూ సముద్రాలన్నీ తిరుగుతుంది. మళ్ళీ పైకొచ్చి గాలి పీల్చేసరికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. అంత లోతున, చీకట్లో బతికే జీవాలకు ఊపిరి మోసుకుపోయేది ఆ నీరే.

ఈ మధ్య నేల మీది మంచు కరిగి మంచినీరు వచ్చి కలుస్తూంటే, ఆ ఉప్పు పలచబడుతోంది. చిట్టి డాక్టరు పట్టుకున్న ఒక అఖాతంలో బరువు నీరు ఇంకా కిందికి దిగుతోందా లేదా అన్నదే ఆ అమ్మాయి ప్రశ్న. మంచు దారిచ్చింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజూ ఓడ మీది ఉప్పు కొలిచే పరికరం గొట్టంలో మంచు పట్టి చచ్చి ఊరుకుంది. మిగిలింది ఏడో నంబరు పెట్టె. అది పనికిరాదంటే మూడేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

చిట్టి డాక్టరు వచ్చి కాగితం చూసి కుర్చీలో కూలబడింది.

"ఇదేంటక్కా, బరువు నీళ్ళు పోయి తేలిక నీళ్ళ మీద కూర్చున్నాయి?"

"నన్నడుగుతావేంటి? ఓడ మీద ఉన్నది నువ్వు. సీసాలు నువ్వే నింపావా?"

"నాకు చేతులు కొంకర్లు పోయాయక్కా. లోతు నుంచి నీళ్ళు పట్టుకొచ్చిన పెద్ద గొట్టాల దగ్గర నంబరు చదివి కుళాయి తిప్పింది నేను. సీసా పట్టిందీ, తొలిచిందీ, నింపిందీ బావగారు. నేను 'ఒకటి' అంటే ఆయన 'అయింది' అనేవారు. అలా ఇరవై నాలుగూ. పెట్టె ఏడు, ఒకటి నుంచి ఇరవై నాలుగు అని రాసేశాను."

ఆ బావగారు వేరెవరో కాదు, ఉప్పక్క మొగుడే. ఓడ మీద ఇనుప తాడును లోతుకు దించి మళ్ళీ పైకి లాగే వించి యంత్రం ఆయనది. ఉప్పక్కను అక్కా అన్నాక ఆయన బావ కాక ఏమవుతాడు? చిట్టి డాక్టరుతో మొదలై ఇప్పుడు ఓడంతా ఆయన్ను వించి బావ అనే పిలుస్తున్నారు, తలనెరిసిన కెప్టెనుతో సహా.

"ఆయన చేతి పని నాకు తెలుసు" అంది ఉప్పక్క. "మూడుసార్లు తొలవమంటే నాలుగుసార్లు తొలిచే రకం. మూత వదులుగా పెట్టడు. తప్పు అక్కడ లేదు."

ఇద్దరూ తీసుకెళ్ళిన కాగితం చూసి పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే విషయం బాగోలేదని అర్థం.

"బరువు నీరు తేలిక నీటి మీద నిలబడిందంటే సముద్రం ఒప్పుకుంటుందేమో కానీ నేను ఒప్పుకోను. శుక్రవారం నివేదిక మూసేస్తున్నాను. అప్పటికి కారణం దొరక్కపోతే ఇరవై నాలుగు సీసాలకూ అనుమానం గుర్తు పెట్టేస్తాను."

అనుమానం గుర్తు పడ్డ అంకెలను ఇక ఎవరూ ముట్టుకోరు. చిట్టి డాక్టరు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ అమ్మాయి ఏడ్చి ఉంటే ఉప్పక్కకు కొంచెం తేలికగా ఉండేది.

మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వించి బావ బాల్కనీలో కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. ఓడ దిగిన నెలలో ఆయనకు అదే ఉద్యోగం. చిన్న చిన్న కుండీలు నాలుగు వరుసలుగా పేర్చి ఉన్నాయి. ఉప్పక్క చెప్పులు విడుస్తూనే అటు చూసింది. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి పోశాడు. రెండో వరుస కుడి నుంచి ఎడమకు పోసుకుంటూ వస్తున్నాడు.

ఈ విషయం మీద వాళ్ళిద్దరికీ పెళ్ళయిన కొత్తలో మొదలైన గొడవ ఇంకా తెగలేదు. ఆవిడకు ఏ పనైనా వరుస మొదటి నుంచి మొదలవ్వాలి. పుస్తకం చదివినట్టు. ఆయన గోడకు రంగు వేసినా, నేల తుడిచినా, బట్టలు ఆరేసినా వరుస చివర మలుపు తిరిగి అక్కడినుంచే వెనక్కి వస్తాడు. మధ్యలో ఫోను మోగిందా, ఎక్కడిదాకా చేశాడో ఆయనకే తెలియదు. ఎండిన కుండీ ఎండినట్టే ఉంటుంది.

"మళ్ళీ మొదటికి రండి అని ఎన్నిసార్లు చెప్పాలి మీకు" అనబోయింది ఆవిడ. ఆయన జవాబు కూడా ఆవిడకు కంఠతా వచ్చు. వించి డ్రమ్ము మీద తాడు ఎలా చుట్టుకుంటుంది? ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆ చివర్నుంచి ఈ చివరికి. మొదటికి దూకిందంటే తాడు చిక్కుపడి తెగి ఊరుకుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా రోజూ ఆ డ్రమ్మునే చూస్తున్న మనిషి ఖాళీ చేత్తో వెనక్కి నడుస్తాడా?

అనబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఉప్పక్కకు ఏడో నంబరు పెట్టె గుర్తొచ్చింది. రెండో వరుస తలకిందులు. నాలుగో వరుస తలకిందులు. నాలుగు వరుసలు, వరుసకు ఆరు.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు ఆయన, చెంబు పట్టుకుని. "తిట్టవా?"

"తల నొప్పిగా ఉంది" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే చిట్టి డాక్టర్ని పిలిపించి, కాగితం మీద రెండో వరుసనూ నాలుగో వరుసనూ వెనక నుంచి ముందుకు రాయించింది. అంకెలు బుద్ధిగా సర్దుకున్నాయి. అడుగు నుంచి తొమ్మిదో సీసా దాకా చల్లటి, బరువైన ఉప్పు నీరు. అక్కడినుంచి పైకి మెట్టు మెట్టుగా తేలిక. అడుగు పొర మందం రెండు వందల మీటర్లు తేలింది. చిట్టి డాక్టరు కాగితం మీద వేలు పెట్టి ఆ తొమ్మిదో అంకె దగ్గరే ఉంచేసింది.

"దిగుతోందక్కా. ఇంకా దిగుతోంది."

ఇద్దరూ పరుగున పెద్దసారు దగ్గరికి వెళ్ళారు. ఆయన మొత్తం విన్నాడు. విని, "బాగుంది" అన్నాడు. ఆయన బాగుందంటే వెనకాల 'కానీ' ఉంటుందని సంస్థలో అందరికీ తెలుసు.

"కానీ, గీత అందంగా వచ్చిందని ఒప్పుకోలేను. నాకు ఒక గంట టైమిస్తే ఈ అంకెల్నే ఏనుగు బొమ్మలా కూడా పేరుస్తాను. ఆయన ఆ రోజు అలాగే నింపాడని రుజువేంటి?"

"ఆయన్నే అడుగుదాం సార్" అంది చిట్టి డాక్టరు.

"అడిగితే ఏం చెబుతాడు? ఆ చలిలో చేసింది ఎవరికి గుర్తుంటుంది? మనకు ఏది కావాలో చూసి అదే చెబుతాడు, మంచివాడు కాబట్టి." పెద్దసారు కాగితం పక్కన పెట్టాడు. "రేపు రమ్మనండి. తొడుగులు వేసుకుని సీసాలు నింపడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నామని చెప్పండి. నింపనివ్వండి, చూద్దాం. ఉప్పక్కగారూ, ఇంట్లో ఒక్క మాట కూడా జారకూడదు."

ఉప్పక్క నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడ మొగుడికే కాదు, సంస్థ మొత్తానికీ తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ పడ్డ యాతన అంతా ఇంతా కాదు. భోజనం దగ్గర ఆయన కబుర్లు చెబుతుంటే ఊఁ అంటే ఊఁ అంది. చివరికి ఆయనే భయపడ్డాడు.

"మొన్న నా రక్తపరీక్ష రిపోర్టు నీ దగ్గరికి వచ్చిందా?" అన్నాడు మెల్లగా.

"రాలేదు. అన్నం తినండి."

గురువారం వించి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. భార్య పనిచేసే చోటికి పెద్దవాళ్ళు పిలిచారంటే మరి మామూలు విషయమా? పెద్ద పరిశోధనశాలలో బల్ల మీద ఇరవై నాలుగు గొట్టాలు బిగించారు, పక్కన ఖాళీ సీసాల పెట్టె ఉంచారు. పెద్దసారు చేతిలో టైము చూసే గడియారం. చిట్టి డాక్టరు ఓడ మీద నిలబడ్డట్టే కుళాయిల దగ్గర నిలబడింది. ఉప్పక్క గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది.

"ఒకటి" అంది చిట్టి డాక్టరు.

"అయింది" అన్నాడు వించి బావ.

మొదటి వరుస అయింది. ఆరో సీసా పెట్టి, ఏడోదానికి చెయ్యి చాచిన మనిషి ఒక్క క్షణం ఆగాడు. తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆవిడ గోడ మీది బోర్డును చదువుతున్నట్టు నటిస్తోంది. ఆయన చిన్నగా నవ్వి, చేతిని బుద్ధిగా వెనక్కి తెచ్చి, రెండో వరుసను ఎడమ నుంచి మొదలుపెట్టాడు. మూడూ అంతే. నాలుగూ అంతే. నింపడం అయ్యాక, చూశావా అన్నట్టు ఉప్పక్క వైపు కనుబొమలు ఎగరేశాడు. నలుగురిలో పెళ్ళాం పరువు నిలబెట్టానని ఆయన సంబరం.

చిట్టి డాక్టరు చివరి కుళాయి కట్టడం మరిచిపోయింది. పెద్దసారు గడియారం ఆపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇక ఆ కళ్ళజోడు తీసి తుడుచుకోవడమే మిగిలింది.

ఉప్పక్కకు ఆ క్షణంలో మొగుడి మీద ఎంత ప్రేమ పుట్టిందో, అంత కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళు చెవిలో జోరీగలా పోరితే వినని మనిషి వినక వినక ఇవాళ వినాలా? ఆ తరవాత ఆ కోపమూ దిగిపోయింది. ఆయన విన్నది తను ఎదురుగా ఉంది కాబట్టి. ఓడ మీద తను లేదు.

ఆవిడ పెద్దసారు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకోసారి చేయించండి సార్. నేను బయటికి పోతాను."

"ఇప్పుడు చేసింది కూడా రాస్తానమ్మా. చెరిపేయను."

"రాయండి. నేనేం చెరపమనలేదు."

వరండాలో ఒక బెంచీ ఉంది. ఉప్పక్క దాని మీద కూర్చోలేదు, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. తలుపు మూసి ఉంది. లోపలినుంచి చిట్టి డాక్టరు గొంతు వినిపిస్తోంది. ఒకటి. అయింది. రెండు. అయింది. ఆరు దగ్గర ఆవిడ తలుపుకు చెవి ఆనించింది. ఏడు. అయింది. ఎక్కడినుంచి తీశాడో గొంతును బట్టి ఎలా తెలుస్తుంది?

అప్పుడు వినిపించింది ఈల. సన్నగా, మెల్లగా, నీళ్ళ చప్పుడుతో కలిసి. పాట అని చెప్పడానికి లేదు, రాగమూ కాదు. పనిలో మునిగిన మనిషి తనకు తెలియకుండా వేసే ఈల. కుళాయి తిప్పినప్పుడు ఆగుతోంది, సీసా నిండుతుంటే మళ్ళీ మొదలవుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో తన మొగుడు ఈల వేస్తాడని ఉప్పక్కకు తెలియదు.

ఆవిడ అప్పుడు బెంచీ మీద కూర్చుంది. సీసాల సంగతి ఒక నిమిషం మరిచిపోయింది కూడా. తను గదిలో ఉన్నప్పుడల్లా ఆయన ఆ ఈలను ఎక్కడ దాచుకుంటాడు? ఆవిడకు సిగ్గేసింది. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేని సిగ్గు.

ఒకసారి కాదు, మూడుసార్లు నింపించాడు పెద్దసారు. వించి బావకు విసుగు పుట్టలేదు. నీళ్ళతో పని ఆయనకు ఎప్పుడూ విసుగు కాదు. ముప్పావు గంట తరవాత తలుపు తెరుచుకుంది. చిట్టి డాక్టరు బయటికొచ్చి ఏమీ చెప్పకుండా ఉప్పక్కను గట్టిగా వాటేసుకుంది. పొట్టి మనిషి కదా, తల ఆవిడ భుజం దగ్గరికి వచ్చింది. అప్పుడు ఏడ్చింది ఆ అమ్మాయి, మూడేళ్ళదీ కలిపి.

ఉప్పక్క లోపలికి వెళ్ళేసరికి పెద్దసారు నివేదిక అడుగున చిన్న అక్షరాలతో రాస్తున్నాడు. సాక్షి సంతకం కోసం దాన్ని ఆవిడ ముందుకు జరిపాడు. సీసాలు నింపిన వ్యక్తి: వించి నడిపేవారు. పరీక్షలు నాలుగు. భార్య ఎదుట ఉన్నప్పుడు ఒకసారి, ప్రతి వరుస మొదటి నుంచి. భార్య లేనప్పుడు మూడుసార్లు, వరుస చివర మలుపు తిప్పి. ఓడలో భార్య లేరు.

"భార్య అని ఎందుకు సార్? ఉప్పు గది అధికారి అని రాయండి."

"ఆయన బెదిరింది అధికారికి కాదు కదమ్మా" అన్నాడు పెద్దసారు. అనుమానం గుర్తులున్న చీటీలను తీసి సొరుగులో పడేశాడు. ఉప్పక్క సంతకం పెట్టింది.

వరండాలో వించి బావ తడిసిన చేతులు విదిలించుకుంటూ నిలబడ్డాడు. చిట్టి డాక్టరు ఆయనకు ఈలోగా మొత్తం చెప్పేసినట్టుంది. ముఖంలో సంబరం లేదు.

"అయితే ఆ రోజు తప్పు చేసింది నేనేనన్నమాట."

"మీరే" అంది ఉప్పక్క.

"పాపం, ఆ పిల్ల మూడేళ్ళ కష్టం నీళ్ళపాలు చేసేవాణ్ణి."

"చేసేవారే, మీకు ఒక్కచోట మలుపు తప్పి ఉంటే. ఇరవై నాలుగు సీసాలు, అంత చలిలో. ఒక్కటీ తప్పలేదు మీకు. ఆ తప్పును అంత తప్పకుండా చేశారు కాబట్టే నీళ్ళు దక్కాయి."

ఆయన తడి చేతులు ఇస్త్రీ చొక్కాకే తుడుచుకున్నాడు. "ఇది తిట్టా, మెచ్చుకోలా?"

"రెండూ."

ఇద్దరూ మెట్ల వైపు నడిచారు. రెండు మెట్లు ఎక్కాక ఉప్పక్క అడిగింది.

"పని చేసేటప్పుడు మీరు ఈల వేస్తారా?"

"నేనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వేస్తానా?"

"వేస్తారు. బాగుంటుంది."

ఆ తరవాత ఆవిడ చెప్పు సరిచేసుకుంటున్నట్టు కావాలనే వంగి వెనకబడింది. మీరు పదండి, వస్తాను అంది. ఆయన మెట్ల మలుపు దాటేదాకా ఏమీ వినిపించలేదు. దాటాక, పైనుంచి, సన్నగా మొదలైంది. ఉప్పక్క అడుగు చప్పుడు కాకుండా, ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కింది.